కొంగుముడి నుండి చేతిఫోను వరకు: నిత్యకృత్యాల జాబితా

మా నానీకి అక్షరాలు రావు. బజారునుండి తెప్పించవలసిన వస్తువో, పొరుగింటికి తిరిగి ఇవ్వవలసిన బదులో జ్ఞాపకం ఉంచుకోవలసి వచ్చినప్పుడు ఆమె ఓఢ్నీ అంచున ఒక ముడి వేసుకొనేది. ఆ పని తీరిన తరువాతనే దానిని విప్పేది. మా ప్రక్కింటి అవ్వగారు పైటకొంగుకు అటువంటి ముడినే వేసుకొనేవారు. మంచి మాట చెప్పి 'కొంగున ముడి వేసుకో' అని తెలుగువారు అంటే, 'గిరహ్ మేఁ బాంధ్ లో' అని ఉర్దూవారు అంటారు. పుట్టినరోజుకు ఉర్దూలో గల 'సాల్‌గిరహ్' అను పేరుకు కూడ ఏటి ముడి అనియే అర్థం. ఏడాదికొక ముడి చొప్పున త్రాటికి వేసి వయస్సును లెక్కించుకొనే ఆచారం ఆ మాటలో నిలిచిపోయినది. మరపు అనునది మనిషికి సహజమని ముందే ఎరిగి, దానికి ఎదురుగా ఒక గుర్తును నిలుపుకోవడం మన పెద్దలకు తెలియని విద్య కాదు.

ఆ ముడిలో మూడు గుణాలు కలవు. ఒక ముడికి ఒకే పని. అది ఎల్లప్పుడు కంటికీ చేతికీ తగులుతూ ఉంటుంది. పని కానిదే విప్పబడదు. నేడు విద్యార్థుల చేతిఫోన్లలో కనిపించే పనుల జాబితా యాప్‌లన్నీ ఈ మూడు గుణాలకోసం చేసిన ప్రయత్నాలే అని నా అభిప్రాయం. అయితే యాప్ ఉన్నంతమాత్రాన ఆ గుణాలు వాటంతటవే రావు. ఈ సంగతి నాకు పుస్తకాలవలన తెలియలేదు. నా తప్పువలన తెలిసింది.

రెండేండ్ల క్రిందట ఉపకారవేతనాల దరఖాస్తులను కళాశాల తరఫున పరిశీలించి పైకి పంపే పని నాకు అప్పగించారు. నా వంతుకు వచ్చినవి పదకొండు. పదింటిలో చిక్కు ఏమీ లేదు. పదకొండవది మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయిది. ఆమె పేరు బ్యాంకు పాసుపుస్తకంలో ఒక విధంగా, పదవ తరగతి ధ్రువపత్రంలో మరొక విధంగా ఉన్నది. "సరిచేయించి తీసుకొని రామ్మా, నేను చూస్తాను" అన్నాను. ఆమె మూడవనాడే తెచ్చి ఇచ్చింది. తరగతికి పోయే తొందరలో ఆ కాగితాన్ని హాజరుపట్టీలో పెట్టినాను. నా బల్లమీది డైరీలో 'దరఖాస్తులు' అనీ, ఫోనులోని యాప్‌లో 'స్కాలర్‌షిప్ పని' అనీ, చొక్కా జేబులోని చీటీలో ఆ అమ్మాయి పేరూ వ్రాసి ఉన్నాయి. పది దరఖాస్తులు పంపిన సాయంకాలం, గొప్ప పని ముగించినానన్న తృప్తితో ఫోనులో టిక్కు పెట్టినాను. చీటీ చొక్కాతోపాటు చాకలికి పోయింది. గడువు దాటిన నాలుగవనాడు ఆ అమ్మాయి వచ్చి, "సార్, నా ఫారం ఇంకా పెండింగు అని చూపిస్తున్నది" అన్నది.

ఆ యేటి ఉపకారవేతనం ఆమెకు రాలేదు. ఆ సొమ్ము నేనిస్తానని ఇంటికి వెళ్ళి చెప్పితే ఆమె తండ్రి ఒప్పుకోలేదు. "మీరు కావాలని చేయలేదు గదా సాబ్, మరచిపోయినారు, అంతే" అన్నాడు. ఆ పిల్ల రెండవ సెమిస్టరంతా సాయంకాలాలు బట్టలకు బొత్తాలు కుట్టి ఫీజు కట్టింది. ఆయన అన్న 'అంతే' అను మాట నేటికీ నా చెవిలో ఉన్నది.

యాప్‌లో లోపమేమీ లేదు. అది నేను చెప్పినట్లే చేసింది. 'స్కాలర్‌షిప్ పని' అనునది ఒక పని కాదు, పదకొండు పనుల కుప్ప. కుప్పకు ఒకే టిక్కు పెట్టినప్పుడు అడుగున మిగిలినది కనపడదు. పైగా మూడు చోట్ల వ్రాసుకొన్నవానికి ఏ చోటా నమ్మదగినది కాదు. ఎక్కడ చూచినా మిగతాది మరొకచోట ఉన్నదనే అనుకొంటాడు.

ఇక్కడ ఒక మాటను గూర్చి చెప్పాలి. తెలుగు పాఠం చెప్పేవానికి ఇది తప్పని అలవాటు. మనం పట్టికకు వాడే 'జాబితా' అను పదం మనకు అరబ్బీ, ఫారసీల మీదుగా దఫ్తరుల భాషనుండి వచ్చినది. దాని మూలరూపమైన 'జాబితా' లేక 'జాబ్తా'కు ఉర్దూలో నేటికీ నియమం, కట్టుబాటు అని అర్థం. ఉర్దూలో నియమమైనది తెలుగులోకి వచ్చి పట్టిక అయినది. ఈ రెండర్థాలను తిరిగి కలుపుకొన్నవానికే పనుల జాబితా ఉపయోగపడుతుంది. నేను చేసిన తప్పు ఏమనగా, తెలుగు జాబితా ఉంచుకొని ఉర్దూ జాబ్తాను వదలిపెట్టడం.

మనశ్శాస్త్రజ్ఞులు కూడ ఈ విషయాన్ని పరిశీలించినారు. సగంలో ఆగిపోయిన పనులు పూర్తియైన పనులకంటె ఎక్కువగా జ్ఞాపకం ఉంటాయని బ్లూమా జైగార్నిక్ అను పరిశోధకురాలు బెర్లిన్‌లో చేసిన ప్రయోగాల ఫలితాలను 1927లో ప్రకటించింది. తరువాతివారి పరీక్షల్లో ఆ ఫలితం ప్రతిసారీ అట్లే రాలేదు గాని, చేయని పని మనస్సులో ముల్లువలె కదలుతుందన్నది అందరి అనుభవంలోనిదే. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనువారు మరొక ముఖ్యమైన సంగతి చూపించినారు. పని పూర్తి కాకపోయినా సరే, దానిని ఎప్పుడు, ఎట్లా చేయాలో స్పష్టంగా నిర్ణయించుకొన్నవారికి ఆ పనిని గూర్చిన తలపులు చదువుకు అడ్డురావడం తగ్గిందట. అనగా మనస్సుకు కావలసినది వట్టి పేరు కాదు, ఏర్పాటు. 'ఇంగ్లీషు రికార్డు' అని వ్రాస్తే ముల్లు ఉన్నచోటనే ఉంటుంది. 'గురువారం మధ్యాహ్నం భోజనమైన తరువాత లైబ్రరీలో ఇంగ్లీషు రికార్డు మూడవ పాఠం వ్రాయాలి' అంటే ముల్లు కొంత వదులవుతుంది.

మన అంచనాలను కూడ మనం నమ్మరాదు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అను ముగ్గురు తమ సిద్ధాంతవ్యాసం వ్రాస్తున్న మనశ్శాస్త్ర విద్యార్థులను, ఎన్నాళ్ళలో ముగిస్తారని అడిగినారు. వారు చెప్పిన అంచనా సగటున 33.9 రోజులు, పట్టినది 55.5 రోజులు. అనుకొన్న రోజుకు ముగించినవారు మూడవవంతు కూడ లేరు. మన విద్యార్థులు ఒక రోజుకు పదునేను పనులు వ్రాసుకొని, రాత్రి పదికొండు మిగిలిపోయినందుకు తమను తాము సోమరులని తిట్టుకొంటున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు. తప్పు సోమరితనంలో కంటె లెక్కలోనే ఎక్కువగా ఉన్నది.

ఇక ఏ యాప్ మంచిదన్న ప్రశ్న. ఉచితంగా దొరికేవాటిలో గూగుల్ టాస్క్స్ మిక్కిలి సాదాగా ఉంటుంది. తేదీ పెట్టిన పని గూగుల్ క్యాలెండరులో కూడ కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ టు డూలో 'మై డే' అనే పుట ప్రతి రాత్రి ఖాళీ అవుతుంది. నిన్న మిగిలిన పనులను అది సూచిస్తుందే గాని, వాటిని ఈనాటి పుటలోకి మనమే ఎంచి తెచ్చుకోవాలి. ఈ చిన్న నిర్బంధం విద్యార్థికి మేలు చేస్తుందని నా అనుభవం. 2007లో మొదలైన టుడూయిస్ట్‌లో 'ప్రతి సోమవారం' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట వ్రాస్తే చాలు, ఆ పని వారం వారం దానంతటదే వస్తుంది. కాని దానిలో కొన్ని సదుపాయాలకు డబ్బు చెల్లించాలి, 'రేపు' అని తెలుగులో వ్రాస్తే అది గ్రహించదు, తేదీని వ్రేలితో ఎంచవలసిందే. ఐఫోను ఉన్నవారికి దానితోపాటే వచ్చే రిమైండర్స్ చాలు. ఖాతా తెరవడం ఇష్టం లేనివారు ఆండ్రాయిడ్ ఫోనులో టాస్క్స్.ఆర్గ్ అను యాప్ వాడవచ్చు. వ్రాసినది ఫోనులోనే ఉంటుంది.

ఈ చివరి యాప్‌కు ఒక చరిత్ర కలదు. ఆస్ట్రిడ్ అను ప్రసిద్ధమైన యాప్‌ను 2013లో యాహూ సంస్థ కొని, కొద్ది నెలల్లోనే మూసివేసింది. దాని మూలలిపి అందరికీ తెరచి ఉన్నందువలన దానినుండి ఇది పుట్టింది. బెర్లిన్‌లో తయారై ఎందరో ఇష్టపడిన వుండర్‌లిస్ట్‌ను 2015లో మైక్రోసాఫ్ట్ కొని, 2020 మే నెలలో ఆపివేసింది. కావున యాప్ పుట్టుకకంటె దాని చావును గూర్చి ముందు ఆలోచించండి. వ్రాసుకొన్నదంతా బయటికి తీసుకొనే వీలున్నదా అని చేరిననాడే చూచుకోవాలి. జాబితా అవతలివాని కొట్టులో ఉన్న మన సరుకు.

రంగులూ బొమ్మలూ చూచి యాప్‌ను ఎన్నుకొనే బదులు మూడు రోజుల పరీక్ష పెట్టండి. మొదటిరోజు ఇంటర్నెట్ ఆపి ఒక పని వ్రాయండి, వ్రాయనిచ్చిందా? రెండవరోజు తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి వ్రాయండి. ఫోను కీబోర్డులో రెండు లిపులూ చేర్చుకోవచ్చు, నోటితో చెప్పి కూడ వ్రాయించవచ్చు. కుడినుండి ఎడమకు పోయే పంక్తి సరిగా కుదిరిందా? మూడవరోజు ఫోనును ముట్టుకోకుండా బల్లమీద పెట్టి, రెండు గంటల తరువాతి వేళకు గుర్తుచేయమని చెప్పండి. చాల ఫోన్లలో ఈ పరీక్షే తప్పిపోతుంది. 2022లో వచ్చిన 13వ ఆండ్రాయిడ్‌నుండి క్రొత్త యాప్ ఏదైనా మనం అనుమతి ఇస్తేనే నోటిఫికేషన్ చూపగలదు. అదీగాక బ్యాటరీ పొదుపుకోసం కొన్ని ఫోన్లు వాడకంలో లేని యాప్‌లను నిద్రపుచ్చుతాయి. సెట్టింగ్సులో ఈ రెండూ సరిచేసుకోకుండా యాప్‌ను నిందించి ప్రయోజనం లేదు.

వాడుకను గూర్చి నేను పాటించేది చెప్పుతాను. నాకు కుదిరింది అందరికీ కుదరాలని లేదు. ప్రతి పంక్తిలో ఒక క్రియ ఉండాలి. వాక్యానికి క్రియ ప్రాణమని వ్యాకరణం చెప్పేటప్పుడు చెప్పుతాను గాని, జాబితాకు కూడ అంతే అని ఆలస్యంగా తెలుసుకొన్నాను. 'పాసుపుస్తకం' అని వ్రాయరాదు. 'ఫలానా విద్యార్థి పాసుపుస్తకం నకలు పరిశీలించి పైకి పంపాలి' అని వ్రాయాలి. కూర్చున్న చోటునుండి లేవకుండా చేయగలిగినంత చిన్నదిగా పనిని విడదీయాలి. గడువు తేదీకి బదులు దానికి మూడు రోజుల ముందు తేదీ వేస్తాను. పైన చెప్పిన ముప్పదినాలుగు, యాభైయైదు రోజుల లెక్క చూచిన తరువాత నాకు ఇది తప్పనిసరి అనిపించింది. ఈనాటి పుటలో అయిదు పనులకు మించి ఉంచను. అందులోనూ మొదటిదానికే ఉదయపు వేళ. మిగతావి వేరొక పుటలో వేచి ఉంటాయి.

వేళకు బదులు ఒక్కొక్కప్పుడు ఒక ఘటనను గుర్తుగా పెట్టుకోవడం మేలు. మా ఇళ్ళల్లో 'అసర్ తరువాత' అంటే అందరికీ తెలుస్తుంది. ఆ వేళ ఋతువునుబట్టి జరుగుతూ పోతుంది, నాలుగున్నర అని గడియారంలో కట్టివేయలేము. మరొకరికి 'పాలవాడు వచ్చిన తరువాత' కావచ్చు, 'బస్సు దిగగానే' కావచ్చు. అటువంటి పనిని యాప్‌లో గంట లేకుండా వ్రాసి, పంక్తి మొదట ఆ ఘటననే వ్రాసుకొంటే చాలు.

రాత్రి పడుకొనేముందు అయిదు నిమిషాలు ఆ పుటను చదువుతాను. ఇదే జాబ్తా. ఇది లేనినాడు తక్కినదంతా అలంకారమే. వరుసగా మూడు రాత్రులు మిగిలిపోయిన పనికి విచారణ జరుగుతుంది. అది మరీ పెద్దదా, నాది కాని పనా, లేక నాకు భయమా? మొదటిదైతే విడదీస్తాను, రెండవదైతే కొట్టివేసి సంబంధించినవారికి చెప్పివేస్తాను. మూడవదైతే మరునాటి మొదటి వేళ దానిదే. నా జాబితాలో నెలలతరబడి ఉండిపోయిన పనులు చాలవరకు ఈ మూడవ జాతివే అని ఒప్పుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది.

ఒక ప్రమాదం కూడ చెప్పి తీరాలి. జాబితా చూచుకొందామని ఫోను తెరచిన విద్యార్థి అరగంట తరువాత ఎవరివో పెండ్లి వీడియోలు చూస్తూ ఉంటాడు. అటువంటి బలహీనత ఉన్నవారు (నాకు ఉన్నది) యాప్ పుటను ఫోను మొదటి తెరమీదనే కనిపించేట్లు విడ్జెట్‌గా పెట్టుకొని, తక్కినవాటిని లోపలికి త్రోసివేయడం మంచిది. వారం వారం యాప్‌లు మార్చడం మరొక జాడ్యం. క్రొత్త యాప్‌లోకి పాత పనులు ఎక్కించడం కూడ పనిచేసినట్లే అనిపిస్తుంది. పరీక్షల ముందు నెలలో ఇది మరీ ప్రబలుతుంది.

ఈ యేడు దరఖాస్తులు నా వంతుకు పదునాలుగు వచ్చినాయి. జాబితాలో పదునాలుగు పంక్తులు వ్రాసినాను, ఒక్కొక్క పంక్తిలో ఒక్కొక్క పేరు. చివరిదానికి టిక్కు పెట్టేముందు పోర్టల్‌లో 'పంపబడినది' అన్న మాట కంటితో చూచినాను. ఆ అమ్మాయి ఇప్పుడు మూడవ సంవత్సరంలో ఉన్నది. ఈ వ్యాసం వ్రాస్తున్నానని తెలిసి, ఆమె తన జాబితాను నాకు చూపింది. అది ఫోనులో లేదు; లెక్కల నోటుపుస్తకం చివరి పుటలో, తేదీలు వేసి, పూర్తియైనవాటిమీద గీతలు కొట్టి ఉన్నది. ఉపకారవేతనం రెన్యువల్ గూర్చిన పంక్తి ప్రక్కన 'సార్‌కు రెండుసార్లు గుర్తుచేయాలి' అని వ్రాసి ఉన్నది. దానిని కొట్టివేయమని నేను చెప్పలేదు.