టైరు మార్చవలసిన వేళ

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యజీవితంలో వాడే వస్తువును శాస్త్రీయ దృష్టితో పరిశీలించడం, పొదుపునకూ లోభానికీ గల భేదాన్ని గుర్తించడం, సాంకేతిక విషయాన్ని తెలుగులో స్పష్టంగా వివరించే తీరును విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

భారత యుద్ధంలో కర్ణుని రథచక్రం భూమిలో క్రుంగిపోయింది. రథికుని పరాక్రమం గాని, అశ్వాల వేగం గాని ఆ క్షణంలో అక్కరకు రాలేదు. అక్కడ నేల చక్రాన్ని పట్టుకొని విడువలేదు. నేటి వాహనచోదకునికి ఎదురయ్యే ఆపద దీనికి విపరీతమైనది. ఇక్కడ చక్రం నేలపై పట్టు కోల్పోతుంది. అయితే చక్రం సహకరించనప్పుడు తక్కిన శక్తులన్నీ వ్యర్థమే అన్న సత్యం మాత్రం నాటికీ నేటికీ ఒక్కటే.

కారులో ఎన్ని యంత్రాలున్నా రోడ్డును తాకేది టైరు ఒక్కటే. ఒక్కొక్క టైరు నేలను తాకే భాగం ఇంచుమించు అరచేయంత ఉంటుంది. కారు పరుగెత్తడం, మలుపు తిరగడం, ఆగడం అన్నీ ఈ నాలుగు అరచేతులంత రబ్బరు మీదనే ఆధారపడి ఉంటాయి.

శక్తిమంతమైన ఇంజనుతో చురుకుగా పరుగెత్తే చిన్న కార్లు కొన్ని ఉన్నాయి. యువతకు వీటిపై మక్కువ ఎక్కువ. ఇటువంటి కారు టైరుపై 195/55 ఆర్16 87వి అన్న గుర్తు ఉన్నదనుకొందాం. 195 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 55 అంటే ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఏబది ఐదు వంతులు. ‘ఆర్’ రేడియల్ నిర్మాణాన్నీ, 16 రిమ్ వ్యాసాన్ని అంగుళాలలోనూ తెలుపుతాయి. 87 అంటే ఆ టైరు 545 కిలోల బరువు మోయగలదని, ‘వి’ అంటే గంటకు 240 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకోగలదని అర్థం. ఏ ధర టైరు కొన్నా కారు తయారీదారు సూచించిన బరువు, వేగ సూచికలకు తక్కువైనదాన్ని బిగించరాదు.

కారుతో వచ్చిన టైర్లు అరిగిన తరువాత పలువురు చౌక టైర్లను ఆశ్రయిస్తారు. చౌకైనదంతా నాసిరకం కాదు. మన దేశంలో అమ్మే కారు టైర్లకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. కాని టైరు తయారీలో ఒక చిక్కు ఉంది. రబ్బరు మెత్తనైతే పట్టు హెచ్చుతుంది, మన్నిక తగ్గుతుంది. గట్టిదైతే మన్నిక హెచ్చుతుంది, పట్టు తగ్గుతుంది. రెండింటినీ కొంతమేరకైనా సాధించాలంటే మేలైన మిశ్రమం కావాలి. దానికి ఖర్చు ఎక్కువ. అందువల్ల చౌక టైర్లలో చాలావాటికి తడి రోడ్డుపై పట్టు తక్కువ. అవి త్వరగా అరగకపోవచ్చు. యజమాని మోసపోయేది సరిగ్గా అక్కడే. గాడులు లోతుగా కనిపిస్తున్నాయి గనుక టైరు బాగున్నదని అతడు భావిస్తాడు.

టైరును ఎప్పుడు మార్చాలో నిర్ణయించడానికి నాలుగు విషయాలు పరిశీలించాలి.

మొదటిది గాడుల లోతు. కొత్త కారు టైరు గాడులు సుమారు 8 మిల్లీమీటర్ల లోతు ఉంటాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం కారు టైరుకు 1.6 మిల్లీమీటర్ల లోతైనా మిగిలి ఉండాలి. గాడుల అడుగున చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు ఉపరితలం అరిగి వాటితో సమమైతే ఆ హద్దు చేరినట్లే. అయితే చట్టం చెప్పేది కనీస హద్దు మాత్రమే. గాడుల పని నీటిని ప్రక్కలకు తోడివేయడం. లోతు 3 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ శక్తి బాగా క్షీణిస్తుంది. అప్పుడు వేగంగా పోయే టైరు నీటి పొరపై తేలిపోతుంది. స్టీరింగు, బ్రేకు రెండూ చోదకుని మాట వినవు. తొలకరికి ముందే రైతు నాగలిని సరిచూసుకొన్నట్లు, వానకారు రాకముందే టైర్లను సరిచూసుకోవడం వివేకం.

రెండవది వయస్సు. టైరు ప్రక్కగోడపై నాలుగంకెల తేదీ గుర్తు ఉంటుంది. అది 2319 అయితే ఆ టైరు 2019వ సంవత్సరం ఇరువది మూడవ వారంలో తయారైనదని గ్రహించాలి. ఎండకూ గాలికీ రబ్బరు క్రమంగా గట్టిపడి బీటలు వారుతుంది. కారు నీడపట్టున నిలిచి ఉన్నా ఈ మార్పు పూర్తిగా ఆగదు. అయిదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణునికి చూపించాలి. ఆరేళ్లకు మార్చివేయాలని కొన్ని కార్ల సంస్థలు సూచిస్తాయి. పదేళ్లు దాటినదాన్ని ఎంత బాగా కనిపించినా వాడరాదు.

మూడవది గాయం. ప్రక్కగోడపై ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగినట్లే. దాన్ని అతుకు వేసి నడపరాదు, వెంటనే మార్చాలి. అరుగుదల తీరునూ గమనించాలి. నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువైనదని, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైనదని, ఒకే అంచు అరిగితే చక్రాల అలైన్‌మెంటు తప్పి ఉండవచ్చునని తెలుసుకోవాలి. కారణాన్ని సరిదిద్దకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అదే దారి పడతాయి.

నాలుగవది ప్రవర్తన. తడి రోడ్డుపై బయలుదేరేటప్పుడు చక్రం ఊరికే తిరగడం, మునుపటి వేగంతోనే తిరిగిన మలుపులో కారు వెలుపలికి జారడం, ఆగడానికి ఎక్కువ దూరం పట్టడం పట్టు సడలిందనడానికి సూచనలు. గాడులు 5 మిల్లీమీటర్లున్నా ఈ లక్షణాలను ఉపేక్షించరాదు.

పట్టులోని తేడా ఎంతటిదో ఒక లెక్కతో చూద్దాం. రెండు కార్లు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నాయి. ఒకదాని టైర్లకు రోడ్డుతో ఘర్షణ గుణకం 0.7, రెండవదానికి 0.5. రెండింటికీ ఒకేచోట బ్రేకు వేస్తే మొదటిది సుమారు 36 మీటర్లలో, రెండవది సుమారు 50 మీటర్లలో ఆగుతాయి. మొదటి కారు ఆగిన చోటికి చేరినప్పుడు రెండవ కారు ఇంకా 43 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. ఆ స్థలంలో రోడ్డు దాటుతున్న బాలుడున్నాడని ఊహిస్తే టైరు ఖరీదు మరొక తులాదండంలో తూగుతుంది.

“ఇంకా అరగని టైరును తీసివేయడం దుబారా కాదా?” అని కొందరు ప్రశ్నిస్తారు. సమంజసమైన ప్రశ్నే. ఊరిలో నెమ్మదిగా నడిపే కారుకు పట్టు తగ్గని చౌక టైర్లు 3 మిల్లీమీటర్ల వరకు పనికిరావచ్చు. కాని వేగం రెట్టింపైతే ఆగేందుకు పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. వేగం కోసమే కారును కొని, టైర్ల దగ్గర ధనాన్ని మిగుల్చుకోవడం పొదుపు కాదు, లోభం. ఇతరుల ప్రాణాపాయాన్ని లెక్కించకుండా చేసిన ఆదాను పొదుపు అనలేము.

నాలుగూ ఒకేసారి మార్చే స్తోమత లేకపోతే ఒకే ఇరుసుపై ఉన్న జతనైనా మార్చాలి. ముందు చక్రాలు నడిపే కార్లలో ముందు టైర్లే త్వరగా అరుగుతాయి. అయినా కొత్త జతను వెనుకకు వేసి, వెనుకనున్న మంచి జతను ముందుకు తేవాలి. వెనుక చక్రాలు పట్టు తప్పితే కారు గిరగిర తిరిగిపోతుంది. దాన్ని అదుపు చేయడం సామాన్య చోదకునికి అసాధ్యం.

టైరు పూర్తిగా అరిగిన రోజును అందరూ గుర్తించగలరు. దానిపై నమ్మకం ఉంచరాని రోజును ముందుగా గుర్తించడమే చోదకుని వివేకం.

కఠిన పదాలకు అర్థాలు

చోదకుడు = నడిపేవాడు
లోభం = పిసినారితనం
ఉపేక్షించు = పట్టించుకోకపోవు
తులాదండం = త్రాసు
వానకారు = వర్షకాలం
ఆదా = మిగులు

అభ్యాసం

1. టైరును మార్చడానికి పరిశీలించవలసిన నాలుగు విషయాలను వివరించండి.
2. చౌక టైరు యజమానిని ఏ విధంగా మోసగించగలదు?
3. పొదుపునకూ లోభానికీ గల భేదాన్ని పాఠం ఆధారంగా తెలపండి.
4. ‘ప్రాణాపాయం’ పదాన్ని విడదీసి సంధి పేరు రాయండి.
5. ‘రథచక్రం’ పదానికి విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి.