కంటిలో సున్నం పడితే: కంటి పొరను తిరిగి పెంచే నూతన చికిత్స

తాంబూలానికి వాడే సున్నం మన ఇళ్లలో చిన్న డబ్బాలలోనో, ప్లాస్టిక్ పొట్లాలలోనో ఉంటుంది. పిల్లలు ఆ పొట్లాన్ని నొక్కి ఆడుకుంటుండగా అది పగిలి సున్నం కంటిలోకి చిమ్మడం మన దేశంలో తరచుగా జరిగే ప్రమాదం. అటువంటప్పుడు కంటిలో ఏ రసం పిండాలని పాఠకులు నన్ను అడుగుతుంటారు. ఏ రసమూ పిండరాదన్నదే నా సమాధానం. కారణం తెలియాలంటే కంటి నిర్మాణాన్నీ, టిష్యూ ఇంజనీరింగ్ అని పిలిచే కణజాల నిర్మాణ శాస్త్రం ఇటీవల సాధించినదానినీ కొంత తెలుసుకోవాలి.

సంధి స్థానం విశిష్టత

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం నేత్రంలో ఐదు మండలాలను, ఆరు సంధులను పేర్కొన్నది. తెల్లగుడ్డు, నల్లగుడ్డు కలిసే చోటు వాటిలో ఒకటి. అది శుక్ల-కృష్ణ సంధి. ఆధునిక వైద్యులు లింబస్ అనేది ఈ స్థానాన్నే. నల్లగుడ్డుపై గడియారపు అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొర కార్నియా. దాని పైతలంలోని కణాలు నిత్యం రాలిపోతుంటాయి. వాటి స్థానంలో వచ్చే కొత్త కణాలకు పుట్టిల్లు ఈ సంధి స్థానంలోని మూలకణాలే. ఈ సంగతి ప్రాచీనులకు తెలుసునని నేను అనను. వారు స్థానాన్ని గుర్తించి పేరు పెట్టారు. దాని పనిని ఆధునిక పరిశోధకులు కనుగొన్నారు.

సున్నం తీవ్రమైన క్షారం. అది కణాల కొవ్వు పొరలను ఛేదించి లోతుకు దిగుతుంది. సంధిలోని మూలకణాలు నశిస్తే, తెల్లగుడ్డుపై ఉండే పొర రక్తనాళాలతో సహా కార్నియాపైకి పాకి చూపును కప్పివేస్తుంది. అటువంటి కంటికి నేత్రదానంలో లభించిన కార్నియాను అమర్చినంత మాత్రాన ఫలితం నిలవదు. దాని పైపొరను ఎప్పటికప్పుడు నింపే మూలకణాలు అక్కడ లేవు గనుక.

నారు పోసి నాటినట్లు

ఆరోగ్యంగా ఉన్న రెండవ కంటి నుండి కొద్దిపాటి మూలకణాలను తీసి, ప్రయోగశాలలో పొరగా పెంచి, దెబ్బతిన్న కంటిపై అమర్చవచ్చునని 1997లో ఇటలీ శాస్త్రవేత్తలు గ్రాజియెల్లా పెల్లెగ్రీని, మికేలే డి లూకా బృందం నిరూపించింది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఇటువంటి చికిత్స 2001లో ప్రారంభమైంది. అక్కడ కణాలను పెంచడానికి ఆధారంగా వాడినది, ప్రసవానంతరం లభించే ఉమ్మనీటి సంచి లోపొర. పలుచగా, మెత్తగా ఉండే ఈ పొర వాపును, మచ్చ కట్టడాన్ని తగ్గిస్తుంది. కణాలు విత్తనాలైతే ఈ పొర మడి వంటిది.

అయితే కణాల పెంపకానికి ఖరీదైన ప్రయోగశాల, రోజుల తరబడి నిరీక్షణ అవసరం. ఆ సంస్థకు చెందిన డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, డాక్టర్ సాయన్ బసు, డాక్టర్ డి. బాలసుబ్రమణియన్, ఇంగ్లండుకు చెందిన షీలా మాక్‌నీల్ 2012లో సులభమైన మార్గాన్ని ప్రకటించారు. మంచి కంటి సంధి నుండి రెండు మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల వెడల్పు గల ముక్కను తీసి, 8 నుండి 10 తునకలు చేసి, దెబ్బతిన్న కార్నియాపై పరచిన ఉమ్మనీటి పొర మీద ఫైబ్రిన్ జిగురుతో అంటిస్తారు. కణాలు కంటి మీదనే పెరుగుతాయి. తొలుత ఈ చికిత్స పొందిన ఆరుగురిలోనూ ఆరు వారాలలో పైపొర పూర్తిగా ఏర్పడింది. 2016లో ప్రకటించిన 125 మంది రోగుల ఫలితాలలో 76 శాతం మందికి ఆ పొర స్థిరంగా నిలిచింది.

అంటే ప్రతి నలుగురిలో ఒకరికి నిలవలేదన్నమాట. పైగా రెండవ కన్ను ఆరోగ్యంగా ఉంటేనే సొంత కణాలు లభిస్తాయి. రెండు కళ్లూ దెబ్బతింటే ఇతరుల కణాలు తీసుకుని, వాటిని శరీరం తిరస్కరించకుండా మందులు వాడవలసి వస్తుంది. కార్నియానే తయారు చేసే ప్రయత్నాలూ సాగుతున్నాయి. ఎల్.వి. ప్రసాద్ సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి త్రీడీ ప్రింటింగ్ ద్వారా రూపొందించిన కార్నియాను 2022లో కుందేలు కంటిలో అమర్చి పరీక్షించారు.

ఇంటిలో చేయవలసినవి

చికిత్స ఎంత పెరిగినా, మూలకణాలను దక్కించుకునే అవకాశం మొదటి నిమిషాలలో ఇంటివారి చేతిలోనే ఉన్నది.

1. కన్ను నలపనీయకండి. రెప్ప తెరచి, పైన కనిపించే సున్నపు పలుకులను తడిగుడ్డ కొనతో తీసివేయండి. వీటి కోసం కడగడం ఆలస్యం చేయవద్దు.

2. వెంటనే శుభ్రమైన మంచినీటిని ధారగా పోస్తూ కనీసం అరగంట కడగండి. తలను దెబ్బతిన్న కంటివైపు వంచితే ఆ నీరు రెండవ కంటిలోకి పోదు.

3. క్షారకర్మ చేసిన చోట ఆమ్లాన్ని వాడడం శాస్త్రోక్తమే. దానిని చూసి కంటిలో నిమ్మరసం, మజ్జిగ వేయరాదు. క్షారం, ఆమ్లం కలిసినపుడు పుట్టే వేడి మరింత హాని చేస్తుంది. నెయ్యి, ఆముదం, తేనె, చనుబాలు కూడా వద్దు. వాటివల్ల కడగడం ఆలస్యమవుతుంది.

4. నొప్పి తగ్గినా ఆసుపత్రికి వెళ్లడం మానవద్దు. పైరెప్ప వెనుక దాగిన సున్నపు పలుకు గంటల తరబడి కంటిని కాలుస్తూనే ఉంటుంది. వైద్యులు రెప్పను తిరగవేసి దానిని తీస్తారు.

5. త్రిఫలా కషాయంతో కన్ను కడిగే అలవాటున్నవారు నేత్రవైద్యుల అనుమతి లభించే వరకు దానిని ఆపివేయాలి.

సున్నాన్ని గట్టి మూత గల డబ్బాలో, పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచండి. ప్లాస్టిక్ పొట్లాలను అసలే ఇంటికి తేకండి.