థార్‌కు ఇంకా పెద్ద చక్రాలు వేయించాలా?

ప్రశ్న: విజయవాడలో ఉద్యోగం, అవనిగడ్డ దగ్గర పొలం. నా థార్‌కు 255/65 ఆర్18 టైర్లున్నాయి. కాలవగట్లకు, హంసలదీవి ఇసుకకు ఇంకా పెద్దవి వేయించమంటున్నారు. వేయించనా?

జవాబు: వద్దండీ. రిమ్ము పెరిగితే మీకు ఒరిగేదేమీ లేదు, టైరు పక్కగోడ ఎత్తుగా ఉండాలి. మీ టైరుకు అది 166 మిల్లీమీటర్లు. థార్‌కే కంపెనీ ఇచ్చిన మరో సైజు 245/75 ఆర్16లో 184. మొత్తం ఎత్తులో తేడా 15 మిల్లీమీటర్లే, స్పీడోమీటరు పెద్దగా తప్పదు. మీ మోడల్ బ్రేకులకు ఆ రిమ్ములు పడతాయో లేదో ముందు షోరూంలో అడగండి.

ఇసుకలో గాలి 18–20 పీఎస్‌ఐకి దించితే టైరు పరుచుకుని బండి అంత తేలిగ్గా కూరుకుపోదు. తారురోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి, అందుకే బండిలో చిన్న కంప్రెసర్ ఉంచుకోండి.

కాలవగట్ల మీది నల్లమట్టి సంగతి వేరు. వానకు తడిస్తే ఆ బంక టైరు గాళ్లలో నిండిపోయి పట్టు పోతుంది. వెడల్పు టైరైతే మట్టిపై తేలి ఇంకా జారుతుంది. మడ్ టెర్రైన్ టైరు కొంత నయమే గానీ, హైవేమీద మోత ఎక్కువ, తడిరోడ్డుపై బ్రేకు పట్టు తక్కువ. రోజూ బెజవాడలో తిరిగే మీకు ఆల్ టెర్రైన్ చాలు.

ఏ టైరున్నా సరే, వాన పడిన రోజు కాలవగట్టు మాత్రం ఎక్కకండి.