గుండె దడతో కుస్తీ పట్టొద్దు

సెలెక్టివ్ స్కూల్ పరీక్ష రోజు పొద్దున్న మా అబ్బాయి కడుపులో తిప్పుతోందన్నాడు. "భయమెందుకురా, ధైర్యం తెచ్చుకో, అంతా మనసులోనే ఉంది" అన్నాను. ఆ తరువాతి పరీక్షలకు తిప్పడం తగ్గలేదు గానీ, వాడు నాతో చెప్పడం మానేశాడు.

మనోబలం ఉంటే ఆందోళన పోతుందా? పిల్లలూ, దీనికి చక్కని జవాబు చెప్పిన డాక్టరమ్మ మన సిడ్నీ ఆవిడే. పేరు క్లేర్ వీక్స్ (1903-1990). మొదట బల్లుల మీద పరిశోధన చేశారు. వయసులో ఉండగా ఆమెకు క్షయ అని పొరపాటున చెప్పి శానిటోరియంలో పెట్టారు. గుండె దడ పట్టుకుంది. బయటికి వచ్చినా పోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన ఒక స్నేహితుడు, యుద్ధంలో సైనికులకూ ఇలాగే ఉండేదనీ, అది భయమే తప్ప గుండె జబ్బు కాదనీ చెప్పాడు. దడ అంటే భయం, ఆ భయంతో మళ్ళీ దడ! ఈ చక్రం ఆమెకు అర్థమైంది.

తరువాత వైద్యం చదివి, 1962లో దీనిపై పుస్తకం రాశారు. మొదటి భయం శరీరం చేసే పని, మన చేతిలో లేదు. "అయ్యో, నాకేమవుతోంది" అని మనం కలిపేది రెండో భయం. అది కలపకుండా, దడను ఉండనిచ్చి, తేలుతూ, కొంత సమయం ఇవ్వమన్నారు.

బీచిలో రిప్‌లో చిక్కుకుంటే ఏం చేయాలో మీకు తెలుసు కదా! ఎదురీదితే సత్తువ అయిపోతుంది. తేలుతూ, చెయ్యెత్తి సాయం అడగాలి.

మరి మనోబలం దండగా? కాదు. దడను ఆపడానికి కాక, దడ ఉండగానే పరీక్ష హాల్లోకి నడవడానికి అది కావాలి. కురుక్షేత్రంలో అర్జునుడికి ఒళ్ళు వణికి, నోరెండి, గాండీవం జారిపోయింది. బలహీనత వదిలి లెమ్మని కృష్ణుడు ముందే అన్నాడు. అయినా లేచాడా? ఓపికగా పద్దెనిమిది అధ్యాయాలు సాగాల్సి వచ్చింది. (మనమేమో కార్ పార్కింగ్‌లో రెండు నిమిషాల్లో తేల్చేస్తాం.)

నిద్ర, తిండి, బడి దెబ్బతినేంతగా ఉంటే పెద్దలు జీపీ దగ్గరకు తీసుకువెళ్ళాలి. ఆయన రాసే మానసిక ఆరోగ్య ప్రణాళికతో మెడికేర్ కింద ఏడాదికి పది సార్ల దాకా సైకాలజిస్టును చూడవచ్చు. పిల్లలు తామే మాట్లాడాలనుకుంటే కిడ్స్ హెల్ప్‌లైన్ 1800 55 1800, ఏ వేళైనా ఉచితం.

ఇంటిపని: అమ్మనో నాన్ననో అడగండి, ఈ దేశంలో విమానం దిగిన మొదటి వారం వాళ్ళ గుండె ఎలా కొట్టుకుందో. అయిదు వాక్యాలు తెలుగులో రాసి తీసుకురండి.