మాస్కు చెప్పని కథ: యాకా బాలుర దీక్ష, మన గుస్సాడీ

మ్యూజియంలో అద్దం వెనుక ఒక చెక్క మాస్కు కనిపిస్తే దాని చెక్కడం పనిని మెచ్చుకుని ముందుకు వెళ్తాం. మానవ శాస్త్రవేత్తలు మాత్రం అక్కడే ఆగి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. దీన్ని ఎవరు ధరించారు? ఏ సందర్భంలో? ఆ తరువాత అతని జీవితంలో ఏం మారింది?

ఆఫ్రికాలోని కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో, క్వాంగో నది ప్రాంతంలో యాకా ప్రజలు నివసిస్తారు. వారి సంప్రదాయంలో బాలురను ఊరికి దూరంగా ఒక శిబిరానికి తీసుకువెళ్లి సున్తీ చేసేవారు. అక్కడ వారు పాటలు, నృత్యాలు, పెద్దల కట్టుబాట్లు నేర్చుకునేవారు. దీక్ష పూర్తయ్యాక మాస్కులు ధరించి ఊళ్లలో నాట్యమాడేవారు. పైకి వంగిన ముక్కు, రంగులు పూసిన చెక్క ముఖం, చుట్టూ రాఫియా నార కుచ్చులు ఈ మాస్కుల గుర్తులు. వీటిలో 'కాకుంగు' అనే పెద్ద మాస్కు ప్రత్యేకమైనది. ఉబ్బిన బుగ్గలు, పెద్ద చుబుకం ఉన్న ఈ మాస్కు బాలురను కీడు నుంచి కాపాడుతుందని నమ్మేవారు.

ఇలాంటి ఆచారాల్లో మూడు దశలు ఉంటాయని ఆర్నాల్డ్ వాన్ జెనెప్ 1909లో వివరించారు. మొదటిది పాత జీవితం నుంచి విడిపోవడం. రెండోది అటూ ఇటూ కాని మధ్య స్థితి. మూడోది కొత్త హోదాతో సమాజంలోకి తిరిగి రావడం. యాకా బాలుడు శిబిరానికి పిల్లవాడిగా వెళ్లి, పురుషుడిగా తిరిగి వస్తాడు. ఆ మార్పును ఊరందరి ముందు చాటేది మాస్కు నాట్యమే.

ఆదిలాబాద్ ప్రాంతపు రాజ్‌గోండుల దండారీలో వేషం ధరించే గుస్సాడీలు కూడా పురుషులే. తలపై నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, భుజాన జంతు చర్మం, చేతిలో కర్ర ఉంటాయి. ఇది బాలుడిని పురుషుడిగా మార్చే ఆచారం కాదు. అయినా ఆ మూడు దశలు ఇక్కడా గుర్తించవచ్చు. దీపావళి పండుగ రోజుల్లో గుస్సాడీ దీక్ష తీసుకుంటాడు. అది ముగిసేవరకు స్నానం చేయడు. అన్ని రోజులూ అతన్ని దైవ స్వరూపంగా భావిస్తారు. దండారీ బృందం పొరుగూరికి అతిథిగా వెళ్తుంది. చివరికి కోలబోడి నాడు పూజలు చేసి వేషం విప్పాక అతను మళ్లీ మామూలు మనిషవుతాడు.

అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. యాకా బాలుడిలో వచ్చిన మార్పు శాశ్వతం, గుస్సాడీకి వచ్చిన హోదా తాత్కాలికం. యాకా మాస్కులకు దీక్షతో పని ముగిసేది. చాలా వాటిని పారేసేవారు లేదా అమ్మేసేవారు. మ్యూజియాలకు చేరినవి అలా మిగిలినవే. గోండులు మాత్రం నెమలి ఈకల టోపీని పవిత్రంగా భద్రపరచి, మరుసటి ఏడాది మళ్లీ బయటికి తీస్తారు.

1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య నివసించి పరిశోధించిన హైమెన్‌డార్ఫ్ వేషాన్ని ఊరి జీవితంతో కలిపే నమోదు చేశారు. ఆయన నివసించిన మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ లభించింది. నేడు ఈ నృత్యం వేదికలపైనా కనిపిస్తోంది. కానీ దీక్ష, పొరుగూరి ఆతిథ్యం, కోలబోడి వేదిక మీదికి రావు. అందుకే టోపీని, అడుగులను మాత్రమే చిత్రీకరిస్తే సరిపోదు. వాటి చుట్టూ ఉన్న నియమాలను, పెద్దల మాటలను కూడా నమోదు చేయాలి. లేకపోతే గుస్సాడీ టోపీ కూడా ఒకనాటికి అద్దం వెనుక మూగ వస్తువుగా మిగిలిపోతుంది.