పరాయి కోడ్, మన ప్రోగ్రామ్ : ప్యాకేజీ మేనేజర్ల గురించి ఒక పాఠం

హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా కంప్యూటర్స్ చదివే తమ్ముళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, సి నేర్చుకోవాలా, సి++ నేర్చుకోవాలా, రస్ట్ అంటున్నారు, గో అంటున్నారు, ఏది మంచిది?" ఈ వ్యాసం రాస్తున్న మేము ముగ్గురం. ఒకరిది తెనాలి, ఒకరిది బాపట్ల, ఒకరిది రేపల్లె. మూడు వేర్వేరు భాషల్లో పని చేస్తున్నాం కాబట్టి కలిసినప్పుడల్లా తగువే. అయితే ఆ తగువులో భాషల వ్యాకరణం గురించి మాట్లాడేది తక్కువ. ఎవరో రాసిన కోడ్‌ను మన ప్రోగ్రాములోకి ఎలా తెచ్చుకోవాలి, ఎవరిని నమ్మి తెచ్చుకోవాలి అన్న దగ్గరే గొంతులు లేస్తాయి. అందుకే ఆ సంగతే రాస్తున్నాం.

ముందుగా ఒక మాట. ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్, బ్రౌజర్ వంటి వాటిని రాయడానికి వాడే భాషలను సిస్టమ్స్ భాషలు అంటారు. సి భాషను డెనిస్ రిచీ 1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారు చేశారు. దాని మీద కట్టిన సి++ ను బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ 1979లో మొదలుపెట్టారు. గో 2009లో బయటికి వచ్చింది. రస్ట్ 1.0 వెర్షన్ 2015 మే 15న విడుదలైంది.

మన ప్రాంతం కాలేజీల్లో చాలాకాలం టర్బో సి నీలం తెర మీదే ప్రోగ్రాములు రాయించారు. మొదటి వరుసలో స్టడ్ఐఓ.హెచ్, రెండో వరుసలో కోనియో.హెచ్. తెర తుడవడానికి క్లియర్‌స్క్రీన్. అదే ప్రోగ్రామును లినక్స్‌లో జి.సి.సి. కంపైలర్‌కు ఇస్తే కోనియో.హెచ్ దొరకలేదని చెప్పి ఆగిపోతుంది. కారణం, స్టడ్ఐఓ సి భాష ప్రమాణంలో భాగం, కోనియో కాదు. అది డాస్ కంపైలర్లతో వచ్చిన అదనపు సరుకు. మనం రాసిన నాలుగు వరుసలు ఎక్కడో ఉన్న ఎవరి కోడ్ మీదో ఆధారపడి ఉన్నాయన్నమాట. దీన్నే డిపెండెన్సీ అంటారు. ఏ డిపెండెన్సీ కావాలో, అందులో ఏ వెర్షన్ కావాలో చూసి, దించి, అమర్చి పెట్టే పనిముట్టు ప్యాకేజీ మేనేజర్.

ఇది మన డెల్టాలో పుట్టినవాళ్లకు కొత్త విషయం కాదు. బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరి వరి వంగడం పేరు బి.పి.టి. 5204. బి.పి.టి. అంటే బాపట్ల. ఒక పేరు, ఒక అంకె. ఆ రెండూ చెబితే ఏ రాష్ట్రంలోని రైతుకైనా ఏ విత్తనమో తెలిసిపోతుంది. ప్యాకేజీకి పేరు, వెర్షన్ నంబరు ఉండేది ఇందుకే. ధ్రువీకరించిన విత్తనాల బస్తాకు నీలం ట్యాగు, దాని మీద లాట్ నంబరు ఉంటాయి. రస్ట్ ప్యాకేజీ మేనేజర్ పేరు కార్గో. అది తయారు చేసే లాక్ ఫైలులో, రిజిస్ట్రీ నుంచి తెచ్చుకున్న ప్రతి ప్యాకేజీ పక్కనా వెర్షనూ, ఒక పొడవాటి చెక్‌సమ్ సంఖ్యా ఉంటాయి. దించుకున్న సరుకులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య కుదరదు, కార్గో ఆగిపోతుంది. ఇక్కడొకటి గమనించండి. ట్యాగు సంచిలో సరుకు మారలేదని చెబుతుంది గాని, అమ్మినవాడి మనసులో ఏముందో చెప్పదు.

ఇక ఒక్కో భాష వాళ్ల తీరు చూద్దాం.

సి వాళ్లు సొంత విత్తనం కట్టుకునే రైతుల వంటివాళ్లు. పరాయి సరుకు ఎంత తగ్గితే అంత మంచిదంటారు. సి భాష పుట్టినప్పుడు ఇంటర్నెట్ నుంచి దించుకోవడమన్న మాటే లేదు కాబట్టి దానికి అధికారిక ప్యాకేజీ మేనేజర్ రాలేదు. తర్వాత లినక్స్ పంపిణీలు, ఉదాహరణకు 1993లో మొదలైన డెబియన్, ఆ పనిని తమ మీద వేసుకున్నాయి. ఈ లోటు కోడ్ రాసే పద్ధతినే మార్చింది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ కోడ్‌ను రెండు లక్షల వరుసలకు పైగా ఉన్న ఒకే సి ఫైలుగా కూడా ఇస్తారు. దాన్ని మన కోడ్ పక్కన పెట్టుకుని కంపైల్ చేస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. సి++ కు కోనన్ ఉంది, మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన వి.సి.ప్యాకేజీ ఉంది. కానీ అందరూ ఒప్పుకున్నది ఒక్కటీ లేదు. మాలో సి++ రాసే రేపల్లె మిత్రుడు దీన్ని స్వేచ్ఛ అంటాడు. ఆయన కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు మొదటి రెండు రోజులు ఎక్కడ గడుస్తాయో మిగతా ఇద్దరికీ తెలుసు.

రస్ట్ వాళ్లు భాష 1.0కు రాకముందే కార్గో తయారు చేసుకున్నారు. ఫైలులో ఒక వరుస రాస్తే ప్యాకేజీ వచ్చేస్తుంది. వాళ్లు దాన్ని క్రేట్ అంటారు. ఆ సుఖం ఎలాంటిదంటే, చిన్న ప్రోగ్రాముకు కూడా వందకు పైగా క్రేట్లు వచ్చి చేరుతుంటాయి. మనం పిలిచింది నలుగురిని, పంక్తిలో కూర్చున్నది ఊరంతా. పైగా కొన్ని క్రేట్లలోని బిల్డ్ స్క్రిప్టులు కంపైల్ చేసేటప్పుడే మన కంప్యూటర్‌లో నడుస్తాయి. 2022 మేలో రస్ట్ అండర్‌స్కోర్ డెసిమల్ అనే మంచి క్రేట్‌ను పోలిన పేరుతో, మధ్యలో ఆ గీత లేకుండా, ఒక దొంగ క్రేట్‌ను పెట్టారని బయటపడింది. దాన్ని వెంటనే తీసేశారు. నకిలీ విత్తనాల గురించి విన్నవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కరలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు.

గో వాళ్లది మధ్యస్థం. మొదట్లో వెర్షన్ల ఊసే లేకుండా నడిపారు. 2018లో మాడ్యూల్స్ తెచ్చారు. దానికి ముందే వాళ్ల ప్రామాణిక లైబ్రరీలో వెబ్ సర్వర్ దాకా ఉంది కాబట్టి బయటి సరుకు తక్కువ పడుతుంది. జిగ్ అనే మరో భాష 2023 ఆగస్టులో 0.11 వెర్షన్‌తో ప్యాకేజీ మేనేజర్ తెచ్చింది, కానీ కేంద్ర డిపో పెట్టలేదు.

మరి సి వాళ్ల జాగ్రత్తే గెలిచిందా? లేదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఒక సంగతి బయటపెట్టారు. దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే, ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ ద్వారం కనబడింది. అది సి లైబ్రరీ. కార్గోకు దానితో సంబంధం లేదు. అది లినక్స్ పంపిణీల ప్యాకేజీల ద్వారానే కొన్ని పరీక్షా వెర్షన్లలోకి చేరింది. జియా టాన్ అనే పేరుతో ఒకరు సంవత్సరాల తరబడి మంచి సహాయకుడిలా పని చేసి నమ్మకం సంపాదించారు. ఆ లైబ్రరీని చూసుకునేది దాదాపు ఒకే మనిషి. ఆయన అలసిపోయి ఉన్నారు. పని త్వరగా జరగడం లేదని కొన్ని పేర్లతో ఆయన్ను వేధించే ఉత్తరాలు వచ్చాయి. జీతం లేకుండా పని చేసేవాడి మీద దురుసుగా విరుచుకుపడటమే తలుపు తెరిచిన తాళంచెవి అయింది. యునిక్స్ సృష్టికర్తల్లో ఒకరు, గో రూపకర్తల్లో ఒకరు అయిన కెన్ థాంప్సన్, మనం పూర్తిగా రాయని కోడ్‌ను పూర్తిగా నమ్మలేమని 1984లోనే తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో హెచ్చరించారు.

కాబట్టి పనిముట్టు వెనుక ఉన్న మనుషుల తీరు కూడా చూడాలి. సి సమూహాల్లో ప్రశ్న అడిగితే "మాన్యువల్ చదువుకో" అన్న జవాబు రావడం పాత అలవాటు. రస్ట్ వాళ్లు మొదటి నుంచి ప్రవర్తనా నియమావళి రాసుకున్నారు. కొత్తవాళ్లను చిన్నబుచ్చకూడదని అందులో ఉంది. ఆ మాట చాలావరకు నిలబెట్టుకుంటారు కూడా. అలాగని వాళ్లు దేవతలు కారు. ఎవరి పాత కోడ్ చూసినా "రస్ట్‌లో తిరగరాయండి" అని చెప్పే ఉత్సాహవంతుల వల్ల వాళ్లకు చెడ్డపేరూ వచ్చింది. 2021 నవంబరులో వాళ్ల మోడరేషన్ బృందమే, పై బృందానికి జవాబుదారీతనం లేదంటూ మూకుమ్మడిగా రాజీనామా చేసింది. లినక్స్ కెర్నెల్‌లోకి 2022 డిసెంబరులో 6.1 వెర్షన్‌తో రస్ట్ అడుగుపెట్టాక సి వాళ్లకూ వీళ్లకూ వాదాలు ముదిరాయి. 2024 ఆగస్టులో ఆ రస్ట్ పనిని నడిపించినవారిలో ఒకరు సాంకేతికం కాని గొడవలతో విసిగి తప్పుకున్నారు. తమాషా ఏమిటంటే, కెర్నెల్‌లో రస్ట్ రాసేవాళ్లు కార్గోతో బిల్డ్ చేయరు. అక్కడ ఇంటి పద్ధతి సి వాళ్లదే.

తెలుగు మీడియం నుంచి వచ్చి తడబడుతూ ఇంగ్లీషులో మొదటి ప్రశ్న అడిగే మన పిల్లవాడికి ఈ తీరు చిన్న విషయం కాదు. ఒక్క వెటకారపు జవాబుతో ఆ భాషనే వదిలేసినవాళ్లను మేం చూశాం. అడిగే ముందు కంపైలర్ ఇచ్చిన తప్పు సందేశాన్ని మొత్తం, వెర్షన్ నంబరుతో సహా రాయండి. ఇంగ్లీషు వచ్చినంతే చాలు. ఆ సందేశం ఏ దేశంవాడికైనా అర్థమవుతుంది. జవాబు దురుసుగా వస్తే అందులోని విషయం మాత్రం తీసుకోండి.

ఇక ఫోన్ డేటాతో నెట్టుకొచ్చే వాళ్లకు ఒక కిటుకు. కార్గో వెండర్ అన్న ఆజ్ఞ ఇస్తే మీ ప్రాజెక్టుకు కావలసిన క్రేట్లన్నీ ఒక ఫోల్డరులోకి వస్తాయి. చివర్లో అది నాలుగైదు వరుసలు చూపిస్తుంది. వాటిని ప్రాజెక్టులోని డాట్ కార్గో ఫోల్డరులో కాన్ఫిగ్ ఫైలుగా రాసి పెట్టుకోండి. నెట్ ఉన్న చోట ఒక్కసారి ఈ పని చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే, హాస్టల్ గదిలో నెట్ లేకుండానే ప్రోగ్రామ్ కంపైల్ అవుతుంది. కార్గో ట్రీ అన్న ఆజ్ఞ ఎవరి వెనుక ఎవరు వచ్చారో చెట్టులా చూపిస్తుంది. తెచ్చుకునే ముందు ఒకసారి ఆ చెట్టు చూసి, అక్కర్లేని కొమ్మ ఉంటే కొట్టేస్తే పెన్‌డ్రైవ్‌లో చోటు కూడా మిగులుతుంది.