కరువు తవ్విన పడవదారి

సముద్రానికి ఇంత దూరాన, ఓర్వకల్లు బండల నడుమ పడవల మాట ఎందుకని అడుగుతారేమో. మన కరువుకూ ఆ పడవలకూ సంబంధముంది.

తీరం వెంట ఉప్పు, ధాన్యం, కట్టెలు పడవలపై మద్రాసు చేరింది బకింగ్‌హామ్ కాలువలోనే. 1806లో మొదలైన ఆ కాలువను 1877-78లో కరువు పని కింద కూలీలచేత పొడిగించారు. ఆ కరువు తాకిడికే 1871-1881 మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది.

1877లో ఒక దశలో ప్రభుత్వం కరువు పనుల్లో మగవారి దినకూలిని ఒక పౌను గింజలకు, ఒక అణాకు కుదించింది. పౌనంటే అరకిలో కూడా కాదు!

కాలువకు గవర్నరు పేరు నిలిచింది. తవ్వినవారి పేర్లు ఎవరికీ తెలియవు. కూలికి కొలత ఖజానాయా, మనిషి ఆకలా? ఈ వారం మీ చేలో పనిచేసినవారికి కూలి ఇచ్చేటప్పుడు ఈ ప్రశ్న వేసుకోండి.